తొమ్మిది సూదుల పోర్టు కోసం కోస్గి దాకా

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. ఊళ్ళు తిరిగే మా టెక్నీషియను సైలు బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకోకపోతే, నేను హైదరాబాదు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఎవరికి ఏ సామాను కొనాలో తేలుస్తూ ఉండేదాన్ని. నీళ్ళ మోటార్లకు కంట్రోలు పెట్టెలు బిగించడం, అవి చెడిపోతే బాగుచేయడం మా కంపెనీ పని. ఒకప్పుడు నేనూ బ్యాగు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగినదాన్నే. పన్నెండేళ్ళ కిందట కుర్చీ ఎక్కాను, ఇంక దిగలేదు.

వెళ్ళొచ్చి రెండు వారాలైంది. కట్టంగూర్, కోస్గి చూడనివాళ్ళకు ఆ ఊళ్ళ సంగతులు చెబుదామనే మొదలుపెడుతున్నాను. కానీ అందులో నా తెలివితక్కువతనం కూడా ఎలాగూ వస్తుంది కాబట్టి, దాన్ని ముందే చెప్పేస్తే నాకూ సులువు.

పోయిన వేసవిలో ఊళ్ళు తిరిగే మా వాళ్ళందరికీ కొత్త ల్యాప్‌టాపులు కొన్నాను. వెండిరంగువి, పలచనివి, రెండు చిన్న పోర్టులు తప్ప పక్కన ఏమీ లేనివి. కొనక ముందు అంజయ్యగారని మా అందరిలోకీ పాత టెక్నీషియను ఒక కాగితం రాసి ఇచ్చారు. ఆఫీసు వాడకానికి తయారయ్యే నల్ల ల్యాప్‌టాపులే కావాలని, వాటికి ఏయే పోర్టులు ఉండాలో వరసగా రాశారు. తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు. నెట్‌వర్కు తీగ గుచ్చుకునే చదరపు పోర్టు. ప్రొజెక్టరుకు నీలం పోర్టు. పెన్‌డ్రైవు పట్టే పాత రకం యూఎస్‌బీ. సీడీ పెట్టే అర. చదివితే పాత ఇనుప సామాను కొట్టు ముందు నిలబడినట్టు అనిపించింది. కింద ఎర్రసిరాతో "కాలంతో పాటు మనమూ మారాలి" అని రాసి కాగితం తిప్పి పంపాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మీటింగులో ఆయన లేచి మళ్ళీ అదే మాట ఎత్తితే, "అంజయ్యగారూ, వచ్చేవారం మీరు రిటైరవుతున్నారు కదా, పోర్టులను కూడా మీతో తీసుకెళ్ళండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వి కూర్చున్నారు. పాత నల్ల ల్యాప్‌టాపులు ఎవరికి కావలిస్తే వాళ్ళకు అమ్మేశాం. ఆయన ఒకటి తీసుకుని సొంతూరు కోస్గి వెళ్ళిపోయారు.

కట్టంగూర్

బస్సు హైవే మీద దింపింది. పనల్లా ఊళ్ళో తాగునీటి ట్యాంకు దగ్గర. అక్కడి కంట్రోలు పెట్టె ఏడాది కిందట పెట్టింది, కొత్తది. నా ల్యాప్‌టాపుతో వచ్చిన చిన్న తెల్ల అడాప్టరును ఒక పక్క గుచ్చి, దానికి నెట్‌వర్కు తీగ గుచ్చాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. ట్యాంకు ఆపరేటరు నా ల్యాప్‌టాపును రెండువైపులా తిప్పి చూశాడు.

"గింత పల్సగున్నది మేడం, ఒంగుతదా?"

"ఒంగదు. నీ ఫోను ఒంగుతుందా?"

"నా ఫోను ఎన్నిసార్లు కింద పడ్డదో. దీన్ని పడెయ్యాలంటె బయమైతది."

అంజయ్యగారి కాగితం గుర్తొచ్చి, చూశారా అని మనసులోనే ఆయన మీద గెలిచేశాను. ఆ గెలుపు గంట కూడా నిలవలేదు.

హైవే పక్క హోటల్లో కూర్చున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. మా వైపు ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగుతారా అని అడుగుతారు, వద్దండీ అని ఒకసారి అని, రెండోసారికి సరే అనాలి. ఇక్కడ అడిగే పనే లేదు. కూర్చోగానే ఛాయ్ వచ్చింది, పది రూపాయలు. పక్కనే పళ్ళెంలో ఉడికించి తాలింపు పెట్టిన గుడాలు, అంటే మా గుగ్గిళ్ళు, ఇరవై. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ వాళ్ళే వేశారు. రెండో పళ్ళెం చెప్పబోతుంటే ఫోను మోగింది.

"మేడం, నేను నాగన్నను. ఆలంపూర్ కాడ లిఫ్టు ఆపరేటరును. సైలు సారు మీ నంబరిచ్చిండు. మోటరు లేస్తలేదు. వారం దాటింది."

తుంగభద్ర ఒడ్డున రైతులంతా కలిసి పెట్టుకున్న చిన్న ఎత్తిపోతల అది. పెట్టె మీద ఏ లైటు వెలుగుతోందని అడిగాను.

"ఎర్రది మినుకు మినుకు మంటాంది. కరెంటు పోయి వచ్చినకాడి నుంచి గిట్లనే. మీటలన్నీ నొక్కిన. డైరెక్టు వైరు కొట్టమంటరా?"

"వద్దు వద్దు. మోటారు కాలితే నెల పడుతుంది. దాన్ని ముట్టుకోకండి."

సంగతి నాకు అర్థమైంది. ఆ పాత పెట్టెలో చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. బ్యాటరీ అయిపోయి, అదే సమయంలో కరెంటు కూడా పోతే, పెట్టె తను చేయాల్సిన పనంతా మరిచిపోతుంది. బ్యాటరీ మార్చి, ల్యాప్‌టాపుతో మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి.

ఇంతలో ఫోను ఎవరో లాక్కున్నట్టు చప్పుడైంది. ఆడగొంతు.

"మేడం, నేను మరియమ్మను. నాది కాలువ చివరి చేను. రెండెకరాలు పల్లి ఏసిన. కాయల గింజ ఊరే టైము మేడం. తొమ్మిది దినాలైతాంది నీళ్ళు సూడక. ఇంకో మూడు దినాలు సూస్త. ఆమీద గొర్రెలకు ఇడిశిపెట్టుడే."

"మిగతావాళ్ళ చేలు?"

"ఆళ్ళకు బోర్లున్నయి. నాకేం లేదు. మాది గింతకుముందు మంది భూమిల కూలి బతుకు. మా ఆయనకు అటెండరు కొలువు దొరికినంక కొన్నం గీ రెండెకరాలు. గిదే మొదటి పంట."

వస్తానన్నాను. ఫోను పెట్టేసి, దవాఖానాలో కాలికి కట్టుతో ఉన్న సైలుకు చేశాను. సంగతంతా విన్నాడు.

"మేడం, గా పెట్టె పద్దెనిమిదేండ్ల కిందిది. దానికి తొమ్మిది సూదుల పోర్టు తప్ప ఇంకోటి లేదు. మన కాడ గిప్పుడు అది ఉన్న ల్యాప్‌టాప్ ఒక్కటి లేదు."

"అన్నీ ఏమయ్యాయి?" అని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది.

"మీరే అమ్మేసిండ్రు గద," అన్నాడు సైలు, గొంతులో ఎత్తిపొడుపేమీ లేకుండా.

బస్సులో

కట్టంగూర్ నుంచి ఆలంపూర్ పోవాలంటే నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా ముందు పాలమూరు చేరాలి. మహబూబ్‌నగర్‌ను బస్సులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అందరికీ పాలమూరే. దారంతా గుట్టలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయిన బండలు, మధ్యలో బత్తాయి తోటలు. మా వైపు కాలువ గట్టు మీద నిలబడితే కనుచూపు మేరా పచ్చగా ఉంటుంది. ఇక్కడ పచ్చదనం ఎక్కడ ఉందో అక్కడ బోరో మోటారో ఉందని అర్థం. ఇంతకుముందు ఈ దారిన పోయినప్పుడు నాకు ఇది తట్టలేదు. ఆ రోజు కనిపించిన ప్రతి పచ్చని మడినీ చూసి, దీని కంట్రోలు పెట్టెకు ఏ పోర్టు ఉందో అనుకుంటూ కూర్చున్నాను.

దేవరకొండలో నా పక్కన ఒక అవ్వ ఎక్కింది. కొంగులో మూటగట్టిన రేగుపండ్లు నా ఒళ్ళో గుప్పెడు పోసింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, "తిను బిడ్డా" అంది. ఆ తర్వాత అడిగింది, ఏం పని మీద పోతున్నావని. చెప్పాను.

"అంటె నీ కాడ మిషిన్ ఉంది గని, గా పెట్టెల పట్టదు."

"అవునవ్వా."

"మరి పట్టేది కొనకపోతివి?"

అవ్వకు ఒక్క నిమిషంలో తట్టింది నాకు మూడు మీటింగుల్లో తట్టలేదు. రేగుపండ్లు పుల్లగా ఉన్నాయి. ఇంకోటి నోట్లో వేసుకున్నాను.

మహబూబ్‌నగర్

మర్నాడు పొద్దున షాపులు తెరవగానే, నా ల్యాప్‌టాపుకు ఆ పోర్టు తగిలించే కన్వర్టరు దొరుకుతుందేమోనని గడియార స్తంభం వైపు వెళ్ళాను. నాలుగు కంప్యూటరు షాపుల్లో ముగ్గురు లేదన్నట్టు చెయ్యి ఊపేశారు. నాలుగోది షహనాజ్ బేగం అనే ఆవిడది. నలభై దాటి ఉంటాయి. కౌంటరు వెనక గోడకు మేకులు కొట్టి, పాత తీగలన్నీ రకాల వారీగా వేలాడదీసింది. ఆ గోడ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"తొమ్మిది సూదులదా? కన్వర్టరు ఉంది మేడం." ఒక నీలం తీగ తీసింది. ఒక చివర తొమ్మిది సూదులు, ఇంకో చివర పాత రకం యూఎస్‌బీ. నా ల్యాప్‌టాపుకు అది పట్టదు. దానికి మళ్ళీ చిన్న పోర్టులో పట్టే ఇంకో ముక్క కావాలి. అదీ తీసింది. తోకకు తోక తగిలించి ల్యాప్‌టాపుకు గుచ్చాం. తీగలో పచ్చలైటు వెలిగింది. మా పాత సాఫ్టువేరు తెరిచాను. పోర్టు ఎక్కడా లేదంది. తీసి మళ్ళీ పెట్టాం. లేదంది. ఇంకో రకం కన్వర్టరు పెట్టాం. దానికి లైటు కూడా వెలగలేదు.

"జర ఆగుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి," అని ఆవిడ అరగంట సేపు ఏవేవో దింపి ఎక్కించి చూసింది. తన పనులన్నీ పక్కన పెట్టి చూసింది. చివరికి తల అడ్డంగా ఊపింది. "మీ సాఫ్టువేరు పాతది మేడం. అసలు పోర్టుతోనే మాట్లాడుతది. నకిలీదాన్ని నమ్ముతలేదు."

నాకు చిరాకు వచ్చింది. "ఈ కాలంలో కూడా ఈ పాత పోర్టులు పట్టుకు వేలాడటం ఏమిటండీ?" అన్నాను, నా తప్పు ఆవిడ మీద వేస్తున్నట్టు.

షహనాజ్ నవ్వింది. "మేడం, ఇంట్లకు కొనేటోళ్ళు అందం సూస్తరు, బరువు సూస్తరు. ఆఫీసోళ్ళు గోడ సూస్తరు."

"గోడా?"

"గోడకు ఏం బిగిచ్చి ఉందో గదే. మీటింగు హాలుల ప్రొజెక్టరు, తూకం మిషిను, దవాఖానల మిషిను, మీ మోటరు పెట్టె. ల్యాప్‌టాప్ నాలుగేండ్లకు మారుస్తరు. గోడకున్నది ఇర్వై ఏండ్లు ఉంటది. ల్యాప్‌టాప్ కోసం గోడను పలగొట్టరు గద. గందుకే పెద్ద కంపిణీలు తెలిసే చేస్తయి గా నల్ల ల్యాప్‌టాప్‌లు, పాత పోర్టులు పెట్టి. తెలివి లేక గాదు."

పన్నెండేళ్ళు సామాను కొన్నదాన్ని, గోడ సంగతి ఎవరైనా చెబితే వినేదాన్నా అంటే వినేదాన్ని కాదు. చెప్పారు కూడా. ఎర్రసిరాతో జవాబు రాశాను.

కన్వర్టరుకు ఆవిడ డబ్బులు తీసుకోలేదు, పని చేయలేదు కదా అని. ఛాయ్ మాత్రం తాగించింది. షాపు మెట్ల మీద నిలబడి అంజయ్యగారికి ఫోను చేశాను. ఆయన నంబరు నొక్కడానికి నాకు పది నిమిషాలు పట్టింది. "రాండ్రి మేడం, ఇంట్లనే ఉన్న," అన్నారు అంతే.

కోస్గి

కోస్గి బస్సులో నిలబడే వెళ్ళాను. అటు వైపంతా మెట్ట సేద్యం. జొన్న కోసిన చేలు, కంది మోళ్ళు, ఎర్రటి దుమ్ము. ఆయన ఏమంటారో, నేనేమనాలో దారిపొడవునా వాక్యాలు కట్టుకుంటూ పోయాను. ఒక్కటీ వాడాల్సిన పని రాలేదు.

వెళ్ళేసరికి ఆయన భార్య బాలమణి జొన్నరొట్టెలు కొడుతోంది. చేతుల మధ్య ముద్ద తిరుగుతూ పెద్దదవుతుంటే చూస్తూ నిలబడిపోయాను. మా ఇళ్ళల్లో రొట్టెలంటే జ్వరమొచ్చినవాళ్ళు తినేవి.

"మొదలు తిను బిడ్డా, మాటలు తర్వాత," అని రెండు రొట్టెలు, కూర పెట్టింది.

"గోంగూర చాలా బాగుందండీ."

"గోంగూర గాదు, పుంటికూర!" అని నవ్వింది. ఆకు ఒకటే. మా వాళ్ళు అందులో వేసే నూనెతో ఈవిడ వారం వంట చేస్తుంది. రెండో రొట్టె సగంలో నాకు ఊపిరాడలేదు. "పట్నపోళ్ళ తిండి గింతేనా?" అంది. పారేయడానికి మొహం చెల్లక మొత్తం తిన్నాను.

అంజయ్యగారు పక్కనే కూర్చుని ఉన్నారు. చేతులు కడుక్కుని నేనే ఎత్తాను.

"అంజయ్యగారూ, ఆ రోజు మీటింగులో నేను అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాది."

"ఇడిశిపెట్టుండ్రి మేడం. మరియమ్మ చేను కాయ ఊరిందా, ఇంకా ఊడలు మన్నుల దిగుతున్నయా?"

"మీకు మరియమ్మ తెలుసా?"

"కాలువ చివర ఆమె కూలి చేస్తుండె. గా జాగనే కొన్నదని సైలు చెప్పిండు."

నల్ల ల్యాప్‌టాపు తెచ్చి ముందు పెట్టారు. మూల చిట్లింది, బరువు నా దానికి మూడింతలు. పక్కన తొమ్మిది సూదులూ నిగనిగలాడుతున్నాయి. రిటైరయ్యాక ఆయన దానితో చుట్టుపక్కల తూకం మిషిన్లు బాగుచేస్తున్నారట. తర్వాత లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా మీది నుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చారు. అందులో కొడుకు పెళ్ళి సీడీలు, వాటి మధ్య కాగితం కవర్లో "ఆలంపూర్ లిఫ్టు" అని రాసిన సీడీ. పెట్టెకు మళ్ళీ నేర్పాల్సిన పాఠమంతా అందులో ఉంది.

"మీరూ వస్తారా?"

"రాలేను మేడం. రేపు అంగడి. తూకం మిషిను ఆగితే రైతులు లైనుల ఉంటరు. ల్యాప్‌టాప్ లేకుంటె తిప్పలే గని, ఒక్కదినం సర్దుకుంట. ఎల్లుండి తెచ్చియ్యాలె."

తప్పకుండా తెస్తానన్నాను. ఆ మాట చాలదనిపించి నా వెండిరంగు ల్యాప్‌టాపు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీ దగ్గర ఉంచండి. జమానతు."

ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ చూసి, బాలమణికి ఇచ్చారు. ఆవిడ దాన్ని పెళ్ళి సీడీల డబ్బా కింద పెట్టింది.

బయలుదేరుతూ నల్ల ల్యాప్‌టాపు బ్యాగు సర్దుకుంటే పక్క జేబులో అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, చిన్న స్పిరిట్ సీసా కనిపించాయి. మరిచిపోయారేమోనని తీసి ఇవ్వబోయాను.

"ఉండనియ్యుండ్రి," అన్నారు.

ఆలంపూర్

ఆలంపూర్‌లో దిగేసరికి మర్నాడు పొద్దున పదకొండు. నవబ్రహ్మ ఆలయాల గోపురాలు దూరం నుంచి చూశాను. ఆ ఆలయాల కోసమే ఇంత దూరం వచ్చేవాళ్ళు తీరిగ్గా లోపలికి వెళ్ళి చూసుకోవచ్చు, నేను మాత్రం బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు, పైన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ, ముప్పై రూపాయలు. సగం తినేసరికి నాగన్న బండి వేసుకుని వచ్చేశాడు. మిగతాది కాగితంలో చుట్టించుకున్నాను.

నాగన్న యాభై ఏళ్ళ రైతు. పద్దెనిమిదేళ్ళుగా ఆ లిఫ్టుకు ఆపరేటరు. మోటారు గది ముందు మరియమ్మ నిలబడి ఉంది. చెయ్యెత్తి దణ్ణం పెట్టింది కానీ మొహంలో నవ్వు లేదు. ఆమె చేను అక్కడికి కనిపిస్తుంది. మధ్యాహ్నం కాకుండానే ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి.

"పొద్దుగూకితే తెరుసుకుంటుండె ఆకు," అంది. "నిన్న తెరుసుకోలే."

గది లోపల చీకటి. కరెంటు ఆపి బ్యాటరీ మార్చాను. సీడీ పెట్టాను. తీగ ఒక చివర నల్ల ల్యాప్‌టాపుకు గుచ్చాను, ఆ బిగువు పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ నా వేలికి తగిలింది. ఇంకో చివర పెట్టె పోర్టులో పెట్టి నొక్కితే పూర్తిగా లోపలికి పోలేదు. తుప్పేమోనని ఇంకాస్త బలంగా నొక్కి, కరెంటు ఇచ్చి మొదలుపెట్టాను.

అవతలి నుంచి జవాబు లేదంది తెర.

మళ్ళీ చేశాను. లేదంది. మూడోసారీ లేదంది. మరియమ్మ గుమ్మంలో నిలబడి తెరను కాదు, నా మొహాన్ని చూస్తోంది. కోస్గి దాకా పోయి, క్షమాపణ చెప్పి, ఈ బరువంతా మోసుకొచ్చి, ఇప్పుడు ఆమెతో ఏమని చెప్పాలి? నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కరెంటు ఆపి, తీగ లాగి, ఫోను లైటు పోర్టు మీద వేశాను. తుప్పు కాదు. గోధుమరంగులో గట్టిగా ఎండిన పొర. గోటితో గీరితే పసుపు రాలింది. దాని కింద ఎర్రగా కుంకుమ. దాని కింద మళ్ళీ పసుపు. తొమ్మిది బొక్కలూ నిండిపోయి ఉన్నాయి.

"నాగన్నా, ఇక్కడ పసుపు ఎవరు పెట్టారు?"

నాగన్న మొహం తెల్లబోయింది. "నేనే మేడం. దసరాకు ఆయుధపూజల పెడుత. ఏటేటా పెడుత."

"తలుపు మీద పెట్టొచ్చు కదా? సరిగ్గా ఇక్కడే ఎందుకు?"

"సైలు సారు వచ్చినా, అంజయ్య సారు వచ్చినా గీడనే తీగ పెడుతుండిరి. పెట్టంగనే మోటరు లేస్తుండె. దీని పానం గీడనే ఉన్నదనుకున్న. గందుకే బొట్టు గీడ పెట్టిన."

మరియమ్మకు కోపం, నవ్వు ఒక్కసారే వచ్చాయి. "నేను పదకొండు దినాలు మోకాళ్ళ మీద ప్రార్థన జేస్తి. నువ్వు పసుపుతోని నోరు మూసి కూసున్నవా నాగన్నా!"

నాగన్న తల ఎత్తలేదు. అతన్ని ఏమీ అనలేకపోయాను. ఆ పోర్టు విలువ అతనికి తెలిసింది. నేను దాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చాయి బ్రష్షు, స్పిరిట్ సీసా. అంజయ్యగారు ఎన్ని మోటారు గదుల్లో ఎన్ని పసుపులు కడిగి ఉంటారో. బ్రష్షును స్పిరిట్‌లో ముంచి పైపొర తీశాను. బొక్కల్లోది రాలేదు. సన్నటిదేమైనా ఉందా అని అడిగేలోపే మరియమ్మ గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఒక్కో బొక్కా తీస్తూ పోయాను. ఆ ల్యాప్‌టాపు అంజయ్యగారిదని నేను చెబుతుంటే, ఆమె పక్కన కూర్చుని ఫోను లైటు పట్టుకుంది. ఆరోది, ఏడోది అని పైకే లెక్కపెట్టింది. నా పొట్లంలోని ఉగ్గాని ఎప్పుడో చల్లారిపోయింది.

స్పిరిట్ ఆరనిచ్చి తీగ పెడితే ఈసారి చివరిదాకా దిగింది. కరెంటు ఇచ్చాను. తెర మీద గీత కదిలింది. కొంచెం కొంచెంగా నిండింది. నిండడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎర్రలైటు ఆరింది. పచ్చలైటు వెలిగింది.

"నొక్కండి నాగన్నా."

నొక్కాడు. మోటారు ఒకసారి మూలిగి లేచింది. గది నేల అదిరింది. మరియమ్మ అప్పటికే బయట పరుగు తీస్తోంది.

కాలువ వెంట నేనూ నడిచాను. నీళ్ళు ముందు దుమ్మునీ ఎండుటాకులనీ తోసుకుంటూ మెల్లగా వచ్చాయి. ఆమె చేను చేరడానికి ముప్పావు గంట. మొదటి సాలు తడవగానే ఆమె వంగి ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టింది. వేళ్ళకు చిన్న చిన్న కాయలు, ఇంకా లేతగా, తెల్లగా.

"గా ల్యాప్‌టాప్ సారుకు ఇయ్యి," అంది. "బతికిందని చెప్పు."

తిరిగి వచ్చేసరికి నాగన్న పసుపు, కుంకుమ తట్టతో సిద్ధంగా ఉన్నాడు. పోర్టుకు అడ్డంగా నా అరచెయ్యి పెట్టాను. అతని చెయ్యి పట్టుకుని పెట్టె తలుపు దగ్గరకు తీసుకెళ్ళాను. అక్కడ బొట్టు పెట్టాడు. తర్వాత, వద్దనేలోపే, నల్ల ల్యాప్‌టాపు మూత మీద కూడా పెట్టాడు.

మళ్ళీ కోస్గి

బొట్టు తుడవకుండానే తీసుకెళ్ళి అంజయ్యగారి ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశారు. బ్యాగు జేబులో చెయ్యి పెట్టి బ్రష్షు తీసి పసుపు రంగు చూసి తల ఊపారు. పల్లి మొక్క ఇచ్చాను. రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచాను. ఒక కాయ ఒలిచి లోపలి గింజను వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఊరుతయి మేడం. నీళ్ళు తప్పకుంటె ఊరుతయి."

బాలమణి నా వెండిరంగు ల్యాప్‌టాపు తెచ్చి ఇచ్చింది. రెండు రోజుల్లో దాన్ని ఎవరూ తెరవలేదు. పెన్‌డ్రైవు పెట్టి చూద్దామనుకుని, పెట్టే జాగా దొరక్క పక్కన పెట్టేశానన్నారు అంజయ్యగారు, నవ్వకుండా.

"ఈ నెల మళ్ళీ ల్యాప్‌టాపులు కొనాలి, ఊళ్ళు తిరిగేవాళ్ళకు," అన్నాను. "ఏయే పోర్టులు కావాలో మీరే రాసి ఇవ్వండి అంజయ్యగారూ. ఈసారి అలాగే కొంటాను."

"మళ్ళ రాసుడెందుకు మేడం? ఉన్నది గద."

స్టీలు డబ్బా తెరిచి, సీడీల అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీశారు. ఆయన రాసిచ్చిందే. వరసగా అవే ఐదు. కింద నా ఎర్రసిరా, కాలంతో పాటు మనమూ మారాలి. నేను తిప్పి పంపిన కాగితాన్ని ఆయన పెళ్ళి సీడీలతో పాటు దాచారు. ఎందుకు దాచారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పెన్ను అడిగాను. బాలమణి నీలంపెన్ను ఇచ్చింది. నా ఎర్రవాక్యాన్ని కొట్టేసి, ఆయన రాసిన ఐదింటి కింద నా సంతకం పెట్టాను. ఆ కాగితమే ఇప్పుడు మా ఆఫీసులో ఆర్డరు. కొంచెం పసుపు అంటుకుంది దానికి, నా చేతులదే.